పట్టా కింద గ్యాసు పొయ్యి

జనవరి వచ్చిందంటే పల్నాడులో మిరప కోతల కాలం. నరసరావుపేట, గురజాల, మాచర్ల వైపు చేలల్లో ఎక్కడ చూసినా కూలి జనమే. కర్నూలు వైపు నుంచి కూడా కుటుంబాలు పిల్లాజెల్లాతో వస్తాయి. చేను గట్టు మీదో, కల్లం పక్కనో నాలుగు కర్రలు పాతి పైన పట్టా కప్పుకుంటారు. రెండు మూడు నెలలు అదే ఇల్లు.

అందులోనే వంట. అందులోనే పడక.

ఇదివరకు మూడు రాళ్లు పెట్టి కట్టెలతో వండేవాళ్లు. ఇప్పుడు చాలా గుడారాల్లో చిన్న గ్యాసు బండ కనబడుతుంది. పిడుగురాళ్ల సున్నం బట్టీల దగ్గర, కొత్త ఇళ్లు కట్టేచోట కాపలా ఉండేవాళ్లకూ ఇది పనికొస్తుంది. పొగ ఉండదు. కళ్లు మండవు. తెల్లవారుజామున తొందరగా అన్నం ఉడుకుతుంది. మంచిదే. కానీ ఇంటి వంటగదిలో గ్యాసు వేరు, పట్టా కింద గ్యాసు వేరు.

ఒక సాయంత్రం ఇలా జరిగిందనుకోండి. ఇద్దరు ఆడవాళ్లు కోత నుంచి వచ్చారు. గుడారంలోకి వంగి వెళ్లారు.

"ఏందొదినా, ఏదో వాసన వస్తంది?"

"మిరపకాయల ఘాటులే. ముందు అగ్గిపెట్టె ఇటు ఇయ్యి, పిల్లోళ్లు ఆకలంటన్నారు."

ఇక్కడే ఆగాలి. అగ్గిపుల్ల గీయకూడదు. ఎందుకో చెప్పుకుందాం.

బండలో ఉండేది ప్రొపేను, బ్యూటేను అనే రెండు గ్యాసుల కలయిక. గట్టిగా అదిమి ఉంచితే అది నీళ్లలాగా మారుతుంది. అందుకే బండను ఊపితే లోపల నీళ్లు కదిలినట్టు ఉంటుంది. బయటికి వస్తే మళ్లీ గ్యాసు అవుతుంది. గ్లాసుడు ద్రవం కారితే సుమారు 250 గ్లాసుల గ్యాసు అవుతుంది. అదీ దాని బలం.

ఈ గ్యాసుకు అసలు వాసన లేదు. కారితే మనకు తెలియాలని కంపెనీవాళ్లే ఒక కంపు మందు కలుపుతారు. కుళ్లిన గుడ్డు వాసనలాగా ఉంటుంది. ఇంట్లో అయితే వెంటనే పసిగడతాం. రోజంతా మిరప ఘాటులో ఉండి వచ్చిన ముక్కుకు, తుమ్ములతో జలుబుతో ఉన్న ముక్కుకు, అది తెలియకపోవచ్చు. కాబట్టి కోతల కాలంలో ముక్కు ఒక్కదాన్నే నమ్ముకోకండి.

ఇంకో సంగతి. ఈ గ్యాసు గాలి కన్నా బరువు. కట్టెల పొగ పైకి పోతుంది. ఇది పైకి పోదు. నీళ్లలాగా కిందికి దిగుతుంది. నేల మీద పాకుతుంది. గుంట ఉంటే గుంటలో నిలబడుతుంది. గుడారంలో కింద ఎవరుంటారు? చాప మీద పడుకున్న పసిపిల్ల ఉంటుంది. మనం కూర్చునేదీ పడుకునేదీ అక్కడే. పైగా మంచు పడుతుందని, చలి అని, పట్టా అంచుల మీద రాళ్లు పెట్టి, మట్టి వేసి మూసేస్తాం. దిగిన గ్యాసు బయటికి పోయే దారి ఉండదు. అప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు.

అందుకని వంట పడక ఒకేచోట వద్దు. పొయ్యికి విడిగా ఒక పంచ వేసుకోండి. మూడు వైపులా తెరిచి ఉంటే చాలు. గాలి కొట్టే వైపు మాత్రం ఒక గోనె అడ్డం కట్టుకోండి. దీనికి కావాల్సింది నాలుగు కర్రలు, ఒక పాత పట్టా. రైతునో మేస్త్రినో అడగండి. ఎకరాలకు ఎకరాలు కాయ కోసి ఇచ్చేవాళ్లు నాలుగు కర్రలు అడగడానికి మొహమాటం దేనికి? ఎండు మిరప రాశులకూ, ఖాళీ గోతాలకూ, కట్టెల మోపులకూ ఆ పంచ దూరంగా ఉండాలి.

బండను చదునైన గట్టి నేల మీద నిలబెట్టాలి. పడుకోబెట్టకూడదు. పడుకోబెడితే గ్యాసుకు బదులు ద్రవమే పైపులోకి వస్తుంది, మంట భగ్గుమంటుంది. గుంటలో పెట్టకూడదు. ఎండలోనూ ఉంచకూడదు. పొయ్యి బండ కన్నా ఎత్తులో ఉండాలి. రెండు ఇటుక వరసల మీద ఒక నాపరాయి వేస్తే సరిపోతుంది. నాపరాళ్లకు మన పల్నాడులో కరువా?

ఇక బండ ఎక్కడ కొనాలి? పొదుపు సంఘాల ఆడవాళ్లకు గ్యాసు ఇవ్వడానికి 1999లో దీపం పథకం వచ్చింది. 2024లో ఏడాదికి మూడు బండలు ఉచితంగా ఇచ్చే దీపం-2 వచ్చింది. కానీ ఆ పెద్ద బండ ఊళ్లో ఇంటి దగ్గర ఉంటుంది. పనికి వెళ్లిన చోటికి అది రాదు. ఇలాంటివాళ్ల కోసమే గ్యాసు కంపెనీలు 5 కిలోల చిన్న బండ అమ్ముతున్నాయి. గ్యాసు ఏజెన్సీల్లో, కొన్ని పెట్రోలు బంకుల్లో దొరుకుతుంది. గుర్తింపు కార్డు చూపితే చాలు. ధర కొంచెం ఎక్కువే.

ధర ఎక్కువని కొందరు బజారులో ఏ కంపెనీ పేరూ లేని బండ కొంటారు. పెద్ద బండ లోంచి అందులోకి గ్యాసు పట్టించుకుంటారు. ఇది చట్టం ఒప్పుకోని పని. అంతకన్నా పెద్ద సంగతి, ఆ బండ రేకు ఎంత మందమో, ఎంత బరువు ఆపుతుందో పరీక్షించినవాళ్లు ఎవరూ లేరు. నిండా పట్టిస్తే ఎండకు లోపలి గ్యాసు ఉబ్బడానికి చోటుండదు. ఆ బండ పక్కన పిల్లల్ని పడుకోబెట్టుకుంటామా?

కంపెనీ బండ తీసుకునేటప్పుడు ఒక చదువు పని ఉంది. బండ పైన పిడి ఉంటుంది కదా, దాన్ని పట్టి ఉంచే పట్టీల లోపలి వైపు చూడండి. ఒక ఇంగ్లీషు అక్షరం, రెండు అంకెలు ఉంటాయి. ఏ అంటే మార్చి నెల. బీ అంటే జూన్. సీ అంటే సెప్టెంబరు. డీ అంటే డిసెంబరు. అంకెలు సంవత్సరం. సీ 27 అని ఉంటే 2027 సెప్టెంబరు లోపల ఆ బండను మళ్లీ పరీక్ష చేయించాలని అర్థం. ఆ గడువు దాటిన బండ ఇస్తే తీసుకోకండి. మార్చి ఇమ్మనండి. ఇంగ్లీషు అక్షరాలు రాకపోతే బడికి పోయే పిల్లను వెంట తీసుకువెళ్లండి. అంకెలు మీకు వచ్చు కదా.

పైపు సంగతి కూడా అంతే. దాని మీద తయారైన సంవత్సరం అచ్చు వేసి ఉంటుంది. ఏజెన్సీవాళ్లు ఇచ్చే నారింజ రంగు పైపు అయిదేళ్లకు మార్చాలి. చేలో పెట్టే పైపుకు అన్నేళ్లూ ఆయుష్షు ఉండకపోవచ్చు. ఎలుకలు కొరుకుతాయి. ఎండకు పగుళ్లు వస్తాయి. కాలు తగిలి లాగుడు పడుతుంది. వారానికొకసారి పైపును వంచి చూడండి. వంచినచోట సన్నటి గీతలు కనబడితే పాతదైపోయినట్టే. అతుకులు వేయకండి, గుడ్డ చుట్టకండి. కొత్త పైపు ధర ఒక రోజు కూలి కన్నా తక్కువే.

గ్యాసు కారుతోందా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? గిన్నెలో కొంచెం నీళ్లు, బట్టల సబ్బు వేసి నురగ తీయండి. పొయ్యి కట్టేసి, రెగ్యులేటరు మాత్రం తిప్పి ఉంచండి. రెగ్యులేటరు చుట్టూ, పైపు రెండు చివర్లా ఆ నురగ రాయండి. బుడగలు లేస్తే అక్కడ కారుతున్నట్టు. బండ మార్చిన ప్రతిసారీ ఇలా చూడాలి. అగ్గిపుల్ల వెలిగించి చూసేవాళ్లు ఉన్నారు. ఆ పని ఎప్పుడూ చేయొద్దు.

మంట నీలంగా ఉండాలి. పచ్చగా లేచి గిన్నె అడుగున మసి పట్టిందంటే బర్నరుకు గాలి సరిగా అందడం లేదు. దుమ్ము, పొంగిన గంజి రంధ్రాల్లో పట్టి ఉంటాయి. చల్లారాక బర్నరు తీసి, సన్న పుల్లతో రంధ్రాలు పొడిచి, కడిగి, ఆరబెట్టి పెట్టండి. చలి పొద్దుల్లో బండ చల్లబడి మంట సన్నగిల్లవచ్చు. అలాగని బండ మీద వేడినీళ్లు పోయకండి. బండ కింద నిప్పు అసలు పెట్టకండి.

ఇప్పుడు రాత్రి సంగతి. మంచు కురుస్తుంది. పిల్లలు వణుకుతారు. పొయ్యి లోపలికి తెచ్చి కాసేపు వెలిగించుకుందామని అనిపిస్తుంది. బొగ్గుల కుంపటి పెట్టుకుందామని అనిపిస్తుంది. చలి దేశాల్లో కట్టుబడి పనుల దగ్గర ఇదే ప్రొపేను గ్యాసుతో మండే హీటర్లు పెడతారు. అవి కూడా గాలి ఆడే చోటే పెట్టాలి, దగ్గర పెట్టుకుని నిద్రపోకూడదు. ఎందుకంటే గాలి చాలనిచోట ఏది మండినా ఒక విషవాయువు పుడుతుంది. దాని పేరు కార్బన్ మోనాక్సైడు. దానికి వాసన లేదు, రంగు లేదు, పొగ లేదు. దానిలో ఎవరూ కంపు మందు కలపరు. ఒంట్లోకి పోయి రక్తంలో మంచి గాలి ఉండాల్సిన చోటు ఆక్రమిస్తుంది. తల నొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండడం, మత్తు. నిద్రలో ఉన్న మనిషికి అవీ తెలియవు. గుడారంలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వస్తే తిండి వల్ల అనుకోకండి. అందరినీ ఆరుబయటికి తీసుకురండి. 108కి ఫోను చేయండి. చలికి మందు దుప్పట్లు, కింద వరిగడ్డి, పిల్లలకు స్వెట్టరు. నిప్పు కావాలంటే బయట చలిమంట వేసుకుని, ఆర్పి వచ్చి పడుకోండి.

మొదట చెప్పుకున్న ఆ ఇద్దరి దగ్గరికి వద్దాం. వాసన వచ్చింది. ఏం చేయాలి? పట్టా అంచులు పైకెత్తాలి. పిల్లల్ని బయటికి పంపాలి. రెగ్యులేటరు కట్టేయాలి. బల్బు స్విచ్చి వేయకూడదు, వెలుగుతున్నది ఆర్పకూడదు. సెల్ ఫోను దూరంగా వెళ్లాకే తీయాలి. గ్యాసు ఆపద కోసం 1906 అనే నంబరు ఉంది, పగలూ రాత్రీ పలుకుతుంది. రెగ్యులేటరు దగ్గర చిన్న మంట లేస్తే తడి గోనె చేతికి చుట్టుకుని దాన్ని కట్టేయండి. గ్యాసు ఆపకుండా మంట ఒక్కటే ఆర్పితే గ్యాసు మళ్లీ కమ్ముకుంటుంది. చేయి పెట్టలేనంత మంట అయితే బండను వదిలేసి దూరంగా పరుగెత్తండి. 101కి ఫోను చేయండి. బండ పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. ఒళ్లు కాలితే ఇరవై నిమిషాలు మామూలు చన్నీళ్లు ధారగా పోయండి. పేస్టు, సిరా, పసుపు పూయకండి.

కోతలు అయిపోయాక లారీ మీదో ట్రాక్టరు మీదో ఇంటికి వెళతారు. రెగ్యులేటరు ఊడదీసి, బండ మూతి మీద ప్లాస్టిక్ మూత బిగించండి. బండను నిలబెట్టి తాడుతో కట్టండి. దాని మీద ఎవరినీ కూర్చోనివ్వకండి. ఖాళీ బండలో కూడా కొంచెం గ్యాసు మిగిలే ఉంటుంది.