మజ్లిస్‌లో డబ్బా, హాల్లో కల్యాణం

2025 ఏప్రిల్ 6, ఆదివారం. భద్రాచలంలో మధ్యాహ్నం పన్నెండుకు అభిజిత్ లగ్నమంటే దమ్మామ్‌లో మనకు ఉదయం తొమ్మిదిన్నర. ఇక్కడ ఆదివారం పనిరోజు కాబట్టి సెలవు పెట్టాను. విజిట్ వీసా మీద వచ్చిన మా అమ్మ తెల్లవారుతూనే తలస్నానం చేసి, పానకం, వడపప్పు, అక్షింతల పళ్ళెం సిద్ధం చేసుకుని టీవీ ఎదుట కూర్చుంది. నాన్నగారి సంవత్సరీకం అయ్యాక వచ్చిన మొదటి శ్రీరామనవమి అది. కొత్తగూడెంలో ప్రతి ఏడూ ఆ పూట వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చునే కల్యాణం చూసేవారు.

అర్చకులు రామదాసు చేయించిన మంగళసూత్రాలను పైకెత్తి భక్తులకు చూపిస్తున్నారు. సరిగ్గా అప్పుడు బొమ్మ ఆగిపోయింది. తెర మధ్య చిన్న చక్రం గిరగిర తిరగసాగింది. రిమోట్ నొక్కాను. టీవీ కట్టేసి మళ్ళీ పెట్టాను. రూటరు కట్టేసి మళ్ళీ పెట్టాను. బొమ్మ వచ్చేసరికి మాంగల్యధారణ అయిపోయి తలంబ్రాలు పోస్తున్నారు.

అమ్మ కోప్పడలేదు. "ఉషశ్రీగారు రేడియోలో చెప్పేటప్పుడు ఎప్పుడూ ఇలా ఆగలేదు కదరా" అంది, అంతే.

1990లో కాలం చేసిన ఉషశ్రీగారి భద్రాచల కల్యాణ వ్యాఖ్యానం వినని పిల్లలకు ఆ మాట అర్థం కాకపోవచ్చు. బొమ్మ లేకపోయినా గొంతుతోనే పెళ్ళిపందిరి కళ్ళకు కట్టించేవారాయన. ఇన్నేళ్ళుగా ఇంజనీరునని చెప్పుకుంటున్న నాకు మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఆ మధ్యాహ్నమే పని మొదలుపెట్టాను. మన వాళ్ళిళ్ళలో చాలాచోట్ల ఇదే గోల కనుక తెలుసుకున్నది మీతోనూ చెబుతున్నాను.

ముందు నా తప్పులు ఒప్పుకోవాలి. అంతకు ముందు బొమ్మ ఆగినప్పుడల్లా కంపెనీని తిట్టుకుని, నెలనెలా ఇంకొంత ఎక్కువ కట్టి పెద్ద ప్లాను తీసుకున్నాను. మార్పు లేదు. తర్వాత ఒక రిపీటరు కొని టీవీ పక్కనే గోడకు తగిలించాను. బాగుపడలేదు సరికదా, ఇంకా చెడింది. రోగమెక్కడో చూడకుండా మందు మింగడమంటే ఇదే.

ఆ రోజు ఫోను పట్టుకుని మొదట డబ్బా పక్కన నిలబడి వేగం కొలిచాను. సెకనుకు 200 మెగాబిట్లు దాటింది. హాల్లో టీవీ పక్కన కొలిస్తే ఒకసారి ఆరు, ఒకసారి రెండు. మంచి హెచ్‌డీ బొమ్మకు 5, 4కే బొమ్మకు 15 ఉంటే సరిపోతుంది. అంటే వీధిలోంచి మా గుమ్మం దాకా నీళ్ళు పుష్కలంగానే వస్తున్నాయి. గుమ్మం నుంచి హాలుకు మోసే బిందెకే చిల్లు!

చిల్లు ఎక్కడ? ఇక్కడి ఫ్లాట్ల సంగతి మీకు తెలుసు. గుమ్మం పక్కన అతిథులకు మజ్లిస్, తర్వాత నడవా, వంటిల్లు, చిట్టచివర ఇంట్లోవాళ్ళు కూర్చునే హాలు. మా ఇంట్లో ఫైబర్ తీగ గుమ్మం దగ్గరే లోపలికి వచ్చింది గనుక డబ్బా మజ్లిస్‌లో పెట్టారు. కంటికి బాగాలేదని నేనే దాన్ని చెప్పుల ఇనుప బీరువా వెనక్కి నెట్టాను. అక్కడినుంచి టీవీకి మధ్య మూడు గోడలు, ఒక నిలువుటద్దం, ఫ్రిజ్, మైక్రోవేవ్ పొయ్యి. ఇనుమూ, అద్దం వెనకనున్న లోహపు పూతా తరంగాలను వెనక్కి కొట్టేస్తాయి.

అమ్మ మాటకు జవాబు ఇక్కడే ఉంది. ఆకాశవాణి మీడియం వేవ్ తరంగం పొడవు వందల మీటర్లు. దానికి మన ఇంటి గోడ ఒక లెక్క కాదు. పైగా రేడియో కేంద్రం వేల వాట్లతో పలికితే, మన డబ్బా పలికేది సుమారు ఒక వాట్‌లో పదో వంతుతో. వైఫైకి మామూలుగా రెండు దారులు. 5 గిగాహెర్ట్జ్ దారిలో తరంగం ఆరు సెంటీమీటర్లలోపు; దారి వెడల్పు గనుక వేగం ఎక్కువ, గోడలు దాటే ఓపిక తక్కువ. 2.4 దారిలో తరంగం పన్నెండు సెంటీమీటర్లు; గోడలు కాస్త నయంగా దాటుతుందిగాని దారి ఇరుకు. ఒకదానికొకటి తగలకుండా వాడుకోగల చానెళ్ళు 1, 6, 11 మూడే. బిల్డింగులో ఉన్నవాళ్ళందరూ ఆ మూడింట్లోనే తోసుకోవాలి.

అంత దూరంలో ఉన్న మా టీవీ 2.4 మీదే నడుస్తోంది. మైక్రోవేవ్ పొయ్యి నడిచేది కూడా ఆ పక్కనే, 2.45 దగ్గర. అప్పుడు గుర్తొచ్చింది: మంగళసూత్రాలు చూపిస్తున్న సమయానికి, చల్లారిన నా కాఫీ వేడి చేసుకుందామని దాని మీట నొక్కింది నేనే. అనుమానం తీరడానికి మళ్ళీ నొక్కి చూశాను. చక్రం మళ్ళీ తిరిగింది.

"మరి రాత్రిళ్ళు సినిమాలు ఆగవేమండీ?" అని మా ఆవిడ అడిగింది. మంచి ప్రశ్న. సినిమా ముందే తయారై ఉంటుంది గనుక, రాబోయే భాగాన్ని టీవీ కొంత తెచ్చి దాచుకుంటుంది. మధ్యలో కాస్త తడబడినా మనకు తెలియదు. ప్రత్యక్ష ప్రసారంలో ఇంకా జరగనిదాన్ని దాచుకునేదెలా? నిల్వ కొద్ది సెకన్లే. అందుకే క్రికెట్టూ కల్యాణమూ ముందుగా ఆగుతాయి.

ఇక చికిత్స. ఖర్చు లేనిది ముందు. డబ్బాను బీరువా వెనకనుంచి తీసి, మనిషి ఎత్తున, నడవా తలుపుకు ఎదురుగా పెట్టాను. రద్దీ తక్కువున్న చానెల్‌కు మార్చాను. హాల్లో వేగం పదిహేను దాటింది. రిపీటరును టీవీ పక్కనుంచి తీసి నడవా మధ్యకు తెచ్చాను. అది విన్నదే మళ్ళీ చెబుతుంది. తనకే వినపడని చోట పెడితే ఏం చెబుతుంది? అయితే వినడం, చెప్పడం ఒకే రేడియోతో చేసే రకం గనుక వేగం దాదాపు సగానికి పడింది. చివరకు అన్నిటికన్నా పాత పద్ధతికే వచ్చాను. సీకో దగ్గర దుకాణంలో పాతిక మీటర్ల నెట్‌వర్క్ తీగ కొని, నడవా గోడ అంచునే లాగి టీవీ వెనక గుచ్చాను. చాలా టీవీల్లో ఆ తీగ దారి వందకు మించదు. మనకు వంద చాలా ఎక్కువ. తీగ లాగే వీలు లేనివాళ్ళు మెష్ డబ్బాల జత కొనుక్కోవచ్చు. రెండోదాన్ని మాత్రం టీవీ పక్కన కాక సగం దారిలో పెట్టండి.

ఏప్రిల్ 11, శుక్రవారం. ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం పగలు కాదు, చీకటి పడ్డాక. అక్కడ దీపాలు వెలిగే వేళకు ఇక్కడ ఇంకా ఎండ ఉంది. అమ్మ మళ్ళీ అక్షింతల పళ్ళెం తెచ్చుకుంది. నేను ఆమె పక్కన, నాన్నగారు కూర్చునే వైపున కూర్చున్నాను. కాఫీ జోలికి పోలేదు. తీగ ఉండగా మైక్రోవేవ్ ఏమీ చేయలేదని తెలిసినా, ఎందుకో ధైర్యం చాలలేదు.

ఈసారి చక్రం తిరగలేదు. మాంగల్యధారణ వేళ అమ్మ తెర మీదికి అక్షింతలు వేసి, మిగిలిన నాలుగు గింజలు నా తల మీద వేసింది.

మీ ఇంటికీ అమ్మో నాన్నో వస్తున్నట్టయితే, పెద్ద ప్లాను కొనేముందు ఒక్కసారి ఫోను పట్టుకుని గుమ్మం నుంచి హాలు దాకా నడిచి చూడండి.