డ్రమ్ము, గడియారం, అడుగు పైపు: నీటి శిక్షణలో అసలు నేర్చుకోవాల్సింది

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు నుంచి ఫోన్ చేసే రైతులు ఎక్కువమంది ఒకటే అడుగుతున్నరు. "అన్నా, తక్కువ నీళ్లతో పంట తీసే ట్రైనింగు ఎక్కడ ఇస్తారు?" ఎక్కడో చివర్లో చెప్తాను. ముందు అక్కడికి పోయి ఏం అడిగి నేర్చుకోవాలో చెప్పాలి. ఎందుకంటే నేను అది తెలియకనే ఒక పంట పోగొట్టుకున్న.

మాది సూర్యాపేట దగ్గర, బోరు కింద వ్యవసాయం. సబ్సిడీ మీద డ్రిప్పు వేయించుకున్నప్పుడు కంపెనీ మనిషి వచ్చి పైపులు పరిచి, వాల్వు తిప్పి చూపించి, శిక్షణ ఇచ్చినట్టు కాగితం మీద సంతకం పెట్టించుకుని పోయిండు. మొత్తం పావుగంట. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఆ తర్వాత నెలకే నేను జీవామృతం ఒక్క గుడ్డలో వడగట్టి వెంచురీ ద్వారా మిర్చికి వదిలిన. రెండోసారి, మూడోసారి కూడా అట్లనే. పేడలోని పీచు, పిండి, మట్టి పోయి డ్రిప్పర్లలో కూర్చున్నయి. పైకి చూస్తే మోటారు నడుస్తనే ఉంది, నీళ్లు పోతున్నట్టే ఉంది. చెట్లు వాడిపోయేదాకా నాకు తెలియలేదు. తెగులనుకుని కషాయాలు కూడా కొట్టిన! చివరికి పైపు లేపి చూస్తే సాలు సాలంతా చుక్క రావట్లేదు.

ఇప్పుడు ఏం చేస్తున్నానంటే, జీవామృతం రెండు పొరల గుడ్డలో వడగట్టి, ఒక పూట కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్లు మాత్రమే డ్రిప్పులోకి పంపుతున్న. అడుగున మిగిలిన మడ్డి చెట్ల మొదళ్లకు పోస్తే సరిపోతుంది. జీవామృతం అయిపోయినంక అరగంట ఉట్టి నీళ్లు పోవాలి. వారానికోసారి లేటరల్ చివర మూత తీసి, మురికి పోయి తేట నీళ్లు వచ్చేదాకా వదలాలి. ఫిల్టర్ జాలీ అయితే ప్రతి తడికీ కడగాలి. ఆసిడ్ పోసి శుభ్రం చేయమని రసాయన రైతులకు చెప్తారు. మనం ఆ దాకా తెచ్చుకోకపోవడమే మంచిది.

తర్వాత ఒక శిక్షణకు పోయిన. డ్రిప్పు గురించి చెప్తారనుకుంటే అక్కడి సారు మొదటి రోజు డ్రిప్పు ఊసే ఎత్తలేదు. "మీ బోరు గంటకు ఎన్ని లీటర్లు పోస్తది?" అని అడిగిండు. ముప్పై మందిమి ఉన్నాం, ఒక్కరికీ తెలియదు. "రెండించులు పోస్తది", "నిండుగ పోస్తది" అని చెప్పినం. అప్పుడు ఆయన 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, సెల్‌ఫోన్‌లో టైం చూస్తూ నింపించిండు. వీడియోలో మా బోరు దగ్గర చేసి చూపించింది అదే. మోటారు వేసి అరగంట నడిచినంకనే కొలవాలి. మొదట్లో వచ్చే నీళ్లు బోరులో నిలవ ఉన్నవి, అవి లెక్కలోకి రావు.

మా బోరు అప్పుడు 80 సెకన్లలో డ్రమ్ము నింపింది. అంటే గంటకు 9,000 లీటర్లు. ఇప్పుడు ఇంకో అంకె గుర్తుపెట్టుకోండి: ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే సుమారు 4,000 లీటర్లు. ఈ రెండు అంకెలు చేతిలో ఉంటే సగం శిక్షణ అయిపోయినట్టే. వరి మడిలో రెండించుల నీళ్లు, అంటే 50 మిల్లీమీటర్లు నిలపాలంటే ఎకరానికి 2 లక్షల లీటర్లు కావాలి. మా బోరు దానికి 22 గంటలు ఆగకుండా పోయాలి. అదే ఎకరంలో కూరగాయలకు ఎండాకాలం రోజుకు 5 మిల్లీమీటర్లు ఇస్తే 20,000 లీటర్లు, రెండు గంటల పైచిలుకు. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చినంక ఆటో స్టార్టరు పెట్టుకుని పడుకున్నోళ్లలో నేను కూడా ఉన్న. మోటారు రాత్రంతా ఎన్ని లీటర్లు పోసిందో, పైరు అందులో ఎంత తాగిందో ఎవరం లెక్క చూడలేదు.

డ్రిప్పుకు కూడా ఇదే లెక్క పనికొస్తుంది. లేటరల్‌కు లేటరల్‌కు నాలుగడుగులు, డ్రిప్పర్‌కు డ్రిప్పర్‌కు 40 సెంటీమీటర్లు, ఒక్కో డ్రిప్పర్ గంటకు 2 లీటర్లు అనుకుంటే, ఎకరంలో ఎనిమిది వేల నాలుగు వందల దాకా డ్రిప్పర్లు ఉంటయి. అన్నీ ఒకేసారి నడవాలంటే గంటకు దాదాపు 17,000 లీటర్లు కావాలి. నా బోరు ఇచ్చేది 9,000! ఎకరం మొత్తం ఒకే వాల్వు మీద నడిపితే చివరి సాళ్లకు ప్రెషర్ ఎట్ల వస్తుంది? అర ఎకరం చొప్పున రెండు భాగాలు చేసి, ఒక్కోదానికి గంటా పన్నెండు నిమిషాలు ఇస్తే సరిగ్గా 5 మిల్లీమీటర్లు పడుతుంది. డ్రిప్పు పనికిరాదని పైపులు చుట్టి కొట్టంలో పెట్టినోళ్లలో చాలామందిది ఈ సమస్యే.

ఇదంతా బోరు కింద మాట. కోదాడ, మిర్యాలగూడ వైపు పోతే కథ వేరే. అక్కడ నాగార్జునసాగర్ ఎడమ కాలువ. 1967లో కాలువలకు నీళ్లు వదిలినప్పటి నుంచి అది వరి దేశం, మిర్యాలగూడ రైస్ మిల్లులన్నీ ఆ నీళ్ల మీద లేచినవే. అక్కడి రైతుకు పోయి డ్రిప్పు గురించి చెప్తే నవ్వుతడు, నవ్వాల్సిందే. ఆయనకు కావాల్సింది తడిపి ఆరబెట్టే పద్ధతి.

దీనికి ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారం చేసిన పరికరం ఒక పైపు ముక్క, అంతే. నాలుగించుల పీవీసీ పైపు అడుగు పొడవు కోసి, కింది భాగానికి చుట్టూ బెజ్జాలు కొట్టి, మడిలో 20 సెంటీమీటర్లు దిగేసి, లోపలి మట్టి తీసేయాలి. పైకి 10 సెంటీమీటర్లు కనపడుతుంది. మడి పైన నీళ్లు ఆరినా, లోపల ఎంత లోతున ఉన్నయో పైపులో కనపడుతుంది. నేల మట్టం నుంచి 15 సెంటీమీటర్లు దిగేదాకా మళ్లీ పెట్టక్కర్లేదు, వేర్లు అందుకుంటయి. అప్పుడు రెండించులు పెట్టి మళ్లీ వదిలేయాలి. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం ఆరనివ్వొద్దు. పాలేకర్ గారు వాఫస అని చెప్పేది, మట్టి సందుల్లో గాలీ తేమా కలిసి ఉండడం, వరిలో ఇట్లనే కొంత సాధ్యమయ్యేది. నీళ్లు 30 శాతం దాకా ఆదా అయితయని ఆ సంస్థ లెక్క.

మనలాంటోళ్లకు ఇక్కడ రెండు చిక్కులున్నయి. శిక్షణల్లో వీటిని ఎవరూ సరిగ్గా చెప్పరు. ఒకటి కలుపు. రసాయన రైతు మందు కొట్టి మడి ఆరబెడతడు. మనకు కలుపు మందు నిలబడ్డ నీళ్లే. కాబట్టి నాటిన మొదటి రెండు వారాలు పలచగా నీళ్లు నిలపండి, కోనో వీడర్ తిప్పినంకనే ఆరబెట్టడం మొదలుపెట్టండి. నల్లరేగడిలో పైపు కంటే కండ్లను నమ్మాలి. నెర్రెలు లోతుగా పడితే తర్వాత పెట్టిన నీళ్లన్నీ వాటిల్లోకే దిగిపోతయి, సన్న నెర్రె కనపడగానే తడి ఇవ్వాలి.

రెండోది పక్క మడి నీళ్లు. కాలువ కింద నీళ్లు మడి నుంచి మడికి పారుతయి. పైమడి ఆయన యూరియా చల్లి, కలుపు మందు కొట్టి వదిలిన నీళ్లే మన మడిలోకి వస్తయి. మనం ఏం చేసి ఏం లాభం? గట్టు పొడుగునా జానెడు వెడల్పు పిల్ల కాలువ తీసుకుని నీళ్లు నేరుగా తూము నుంచి తెచ్చుకోవాలి. నాలుగు గంపల జాగా పోతుంది, పోనీయండి. నీళ్లు కావాలన్నప్పుడు పెట్టుకోవడం, వద్దన్నప్పుడు ఆపుకోవడం కూడా దానితోనే మన చేతికొస్తుంది. యాసంగిలో కాలువను వంతులవారీగా కట్టి వదిలేటప్పుడు ఇది ఇంకా అవసరం. మీ వంతు ఎనిమిదో రోజు ఉంటే, పైపులో నీళ్లు ఐదో రోజే 15 సెంటీమీటర్లు దిగితే ఏం చేస్తరు? అందుకే వంతు తేదీలు తెలుసుకున్నాకనే ఈ పద్ధతి ఎంత భూమిలో చేయాలో తేల్చుకోండి. పక్కన బోరు ఆసరా ఉన్నోళ్లు ధైర్యంగా చేయొచ్చు.

ఇట్లా కొలిచి సాగు చేయడం మన జిల్లాకు కొత్త కాదు. ఉమ్మడి నల్గొండ సహా ఏడు కరువు జిల్లాల్లో, నెదర్లాండ్స్ నిధులతో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులే భూగర్భ జలాలు చూసుకునే ప్రాజెక్టు ఒకటి 2000 తర్వాతి సంవత్సరాల్లో నడిచింది. వానమాపకం చూసింది రైతులే, బావుల్లో నీటిమట్టం కొలిచి ఊళ్లో గోడ మీద రాసింది రైతులే. యాసంగికి ముందు అందరూ కూర్చుని, భూమిలో ఎన్ని నీళ్లున్నయి, వేయాలనుకున్న పంటలకు ఎన్ని కావాలని బడ్జెట్ వేసుకునేటోళ్లు. వరి మానేయమని హుకుం లేదు, మానితే డబ్బులిస్తామనీ లేదు. లెక్క చూసుకుని ఎవరికి వాళ్లే తగ్గించుకున్నరు. నాకు తెలిసిన నీటి శిక్షణల్లో ఇంతకు మించింది లేదు.

ఇక ఎక్కడ నేర్చుకోవాలి? సూర్యాపేట, కోదాడ వాళ్లకు గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం దగ్గర. మిర్యాలగూడ వాళ్లకు కంపాసాగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధన కేంద్రం, కేవీకే రెండూ ఉన్నయి. కాలువ, నీటి సంఘాల సంగతి కావాలంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వాలంతరి. డ్రిప్పు సబ్సిడీ సంగతి ఉద్యాన శాఖ ఆఫీసులో అడగాలి. పోయేముందు మీ డ్రమ్ము లెక్క, పంట, ఎకరాలు, మట్టి రంగు ఒక కాగితం మీద రాసుకుని పోండి. ఉత్త చేతులతో పోతే ఉత్త ఉపన్యాసమే వింటరు.

ఈ వీడియో తీసిన రోజు మా బోరు మళ్లీ కొలిచిన. 80 సెకన్లకు నిండే డ్రమ్ము 95 సెకన్లు తీసుకుంది. గంటకు 7,500 లీటర్లే వస్తున్నయి, అర ఎకరం డ్రిప్పుకు కూడా చాలవు. రెండు భాగాలను మూడు చేసి, ఇంకో వాల్వు పెట్టిస్తున్న. బోరు కింద వేద్దామనుకున్న వరి ఈ యాసంగికి లేదు, పెసర వేస్తున్న.