చక్రపు అంచున సీసము

మోటారుకారు చక్రమును శ్రద్ధగా చూచినచో, టైరు లోహపు అంచును కలియుచోట బూడిదరంగు ముక్క యొకటి కానవచ్చును. అది అలంకారము కాదు, అతుకును కాదు. చక్రపు బరువు అన్ని వైపుల సమముగా నుండుటకై బిగించిన చిన్న తూనిక. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇట్టి తూనికలను చిరకాలము సీసముతోనే చేసిరి. టైర్లు మార్చునప్పుడు ఊడదీసిన తూనికలను దుకాణదారులు బాల్చీలలో పడవేయుచుండెడివారు. తుపాకి గుండ్లను ఇంటివద్దనే పోతపోసికొను వేటగాండ్రు, గురి నేర్చువారు ఆ బాల్చీలను ఊరకనో, స్వల్పమైన వెలకో తీసికొనిపోయి కరగించెడివారు. ఆ అలవాటు అక్కడ నేటికిని పూర్తిగా పోలేదు. ఈ పాత సీసపు ప్రయాణమును వెంబడించినచో భౌతిక, రసాయన శాస్త్రముల పాఠములు కొన్ని తెలియును. చివరకు శరీరశాస్త్రపు పాఠ మొకటి కూడ ఎదురగును. అన్నిటికన్న ముఖ్యమైనది అదియే.

చక్రమునకు తూనిక ఎందుకు?

టైరు రబ్బరు అంతటను ఒకే మందమున ఉండదు. ఒకవైపు 30 గ్రాముల బరువు ఎక్కువగా ఉన్నదనుకొందము. కారు నిలిచియున్నప్పుడు దానివలన ఏ ఇబ్బందియు లేదు. కాని కారు గంటకు 90 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు 25 మీటర్ల వేగముతో పోవుచున్నదనుడు. చక్రపు వ్యాసార్ధము 30 సెంటీమీటర్లయినచో అది సెకనుకు 13 సార్లకు పైగా తిరుగును. ఇరుసు నుండి 20 సెంటీమీటర్ల దూరములో నున్న ఆ 30 గ్రాముల అధిక బరువు, ద్రవ్యరాశి, వ్యాసార్ధము, కోణీయవేగపు వర్గము అను మూడింటి లబ్ధమునకు సమమైన బలముతో చక్రమును వెలుపలికి లాగును. లెక్క వేసినచో ఆ బలము సుమారు 42 న్యూటన్లు, అనగా నాలుగు కిలోగ్రాముల బరువునకు మించినది. అది సెకనుకు 13 సార్లు దిశ మార్చుచు ఇరుసును కుదుపును. వేగము రెట్టింపయిన ఆ బలము నాలుగు రెట్లగును. ఎదుటి వైపున సరియైన తూనిక బిగించినచో రెండు బలములును ఒకదానినొకటి రద్దుచేసికొనును.

ఆ తూనికకు సీసము మిక్కిలి అనువైనది. దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు, ఇనుమునకు 7.87, తుత్తునాగమునకు, అనగా జింకునకు, 7.14. కావున 30 గ్రాముల తూనికకు సీసమైనచో 2.6 ఘన సెంటీమీటర్ల చోటు చాలును, తుత్తునాగమైనచో 4.2 కావలెను. సీసము మెత్తనిది గనుక అంచు వంపును అనుసరించి వంగును. ఇనుమువలె త్రుప్పు పట్టదు. మన బెస్తవారు విసురువల అంచున సీసపు గుండ్లు కట్టుటకును కారణ మిదియే: కొద్ది చోటున ఎక్కువ బరువు, తేలికగా కరగి పోతకు వచ్చు గుణము.

తూనికలోని మిశ్రలోహము

శుద్ధమైన సీసము గోటితో గీసినను గీటు పడునంత మెత్తన. అంచునకు కొక్కెముతో బిగించు తూనిక అంత మెత్తగా నున్నచో దారి కుదుపులకు జారిపోవును. అందువలన దానిలో నూటికి రెండు మూడు పాళ్లు ఆంటిమనీయు, కొద్దిగా తగరమును, అత్యల్పముగా ఆర్సెనికును చేర్చెడివారు. జిగురుతో అంటించు తూనికలు మాత్రము దాదాపు శుద్ధమైన సీసమే.

గుండ్లు పోయువారు ఈ తూనికలను కోరుటకు హేతువు ఈ ఆంటిమనీయే. నేటి తుపాకి గొట్టములోపల మెలికలు తిరిగిన గాడులుండును. అతి మెత్తని సీసము ఆ గాడులలో ఒరసికొని, గొట్టమునకు పూతవలె అంటుకొనును. ఆంటిమనీ కలిసినది కొంత గట్టిపడి ఆ ఒరపిడికి ఓర్చుకొనును. ఇందొక వింత కలదు. అచ్చునుండి వేడివేడిగా తీసి నీటిలో వేసిన గుండు వెంటనే గట్టిపడదు. కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు కొన్ని దినములు గడచినకొలది గట్టిపడుచు వచ్చును. తటాలున చల్లార్చుటవలన సీసపు స్ఫటికములలో ఇరుక్కొనిన ఆంటిమనీ పరమాణువులు మెల్లమెల్లగా వెలువడి అతిసూక్ష్మ కణములుగా ఏర్పడుటయే దీనికి కారణము. ఈ మార్పునకు ఆర్సెనికు తోడ్పడును.

ఇదే కుటుంబమునకు చెందిన మిశ్రలోహమును తెలుగు పాఠకులు తమకు తెలియకయే తరతరములుగా సేవించిరి. ఆఫ్‌సెట్ ముద్రణ వ్యాపించువరకు మన పుస్తకములును, పత్రికలును సీసపు అక్షరములతోనే అచ్చయినవి. అక్షరముల పోతకు కూడ సీసము, ఆంటిమనీ, తగరము కలిపెడివారు. లైనోటైపు యంత్రమున వాడినది 84 పాళ్లు సీసము, 12 పాళ్లు ఆంటిమనీ, 4 పాళ్లు తగరము గల మిశ్రమము. ఆంటిమనీ పాలు హెచ్చయినందున అక్షరపు అంచులు స్ఫుటముగా వచ్చును. అమెరికాలో అచ్చుకూటములు మూతపడినప్పుడు ఆ లోహమును కూడ గుండ్లు పోయువారు వెదకి కొనిరి.

ఏరుట, కరగించుట

నేడు పాత తూనికల బాల్చీలో సీస మొక్కటే ఉండదు. ఇనుపవి, తుత్తునాగపువి కూడ కలిసియుండును. ఇనుమును అయస్కాంతము పట్టియిచ్చును. కత్తెరపట్టకారుతో నొక్కినచో సీసము సులభముగా తెగును, తుత్తునాగము ఎదురుతిరుగును. ఈ పరీక్షలకు దొరకనివానిని వేరుచేయునది ద్రవీభవన స్థానము. సీసము 327 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగును, తుత్తునాగము 419 డిగ్రీల వద్ద కరగును. ఈ రెండింటి నడుమ వేడిని నిలిపినచో సీసము ద్రవమై, తుత్తునాగపు ముక్కలు కరగకయే పైకి తేలును. ఇనుప కొక్కెములును తేలును. నీటిలో మునుగు ఇనుము సీసములో బెండువలె తేలుట విద్యార్థులకు వింతగా తోచవచ్చును గాని, సాంద్రతల పట్టిక చూచినచో వింత ఏమియు లేదు.

వేడి హెచ్చి తుత్తునాగము కరగినచో చిక్కు వచ్చును. ఈ రెండు లోహములును పాలు నీళ్లవలె కలియవు. సీసములో తుత్తునాగము కొద్ది శాతము మాత్రమే కరగును. ఆ కొద్దియే పోతను చెడగొట్టును. ద్రవముపై జావవంటి తెట్టు కట్టి, లోహము అచ్చు మూలలకు పారదు. అయితే ఒకచోట దోషమైనది మరియొకచోట గుణమగును. 1850లో అలెగ్జాండర్ పార్క్స్ ఈ స్వభావమునే ఉపయోగించి సీసమునుండి వెండిని తీయు విధానమునకు ఇంగ్లండులో హక్కు పొందెను. వెండికి సీసముకన్న తుత్తునాగముపై ప్రీతి ఎక్కువ. కరగిన సీసములో తుత్తునాగము కలిపి చల్లార్చగా, అది వెండిని తనతో తీసికొని పైకి తేలును.

కరగిన సీసముపై బూడిదవంటి పొర యేర్పడును. అది గాలిలోని ఆక్సిజనుతో కలిసిన సీసము, తగరముల ఆక్సైడు. మైనముగాని, రంపపుపొట్టుగాని వేసినచో వాటిలోని కర్బనము ఆక్సైడునుండి ఆక్సిజనును లాగి, లోహమును కొంతవరకు తిరిగి ఇచ్చును. మిగిలినది చిట్టెము. ఇందు గొప్ప అపాయము నీరు. తడితూనిక యొకటి కరగిన లోహములో పడినచో, దానినంటిన నీరు తృటిలో ఆవిరియై 1,600 రెట్లకు పైగా వ్యాకోచించి, కరగిన లోహమును నాలుగు దిక్కులకు చిమ్మును.

కనబడని అపాయము

నీటి అపాయము కంటికి కనబడును. సీసపు విషము కనబడదు. సీసము మరగునది 1,749 డిగ్రీల వద్ద గనుక పోతపని వేడిలో వెలువడు సీసపు ఆవిరి మిక్కిలి స్వల్పము. ఇది చూచి అపాయము లేదనుకొనుట పొరపాటు. చిట్టెమును తీయునప్పుడు లేచు సన్నని ధూళియే విషవాహిక. అది చేతులనుండి నోటికిని, బట్టలనుండి ఇంటిలోనికిని, నేలనుండి ప్రాకులాడు శిశువు నాలుకకును చేరును.

దేహము సీసమును కాల్షియమని భ్రమపడి ఎముకలలో దాచుకొనును; అక్కడ అది దశాబ్దముల తరబడి నిలువయుండును. రక్తమునకు ఎరుపునిచ్చు హీమోగ్లోబిన్ తయారగుటకు అవసరమైన ఎంజైమును అది స్తంభింపజేయును. ఎదుగుచున్న మెదడును దెబ్బతీసి, పిల్లల గ్రహణశక్తిని, ఏకాగ్రతను తగ్గించును. ఆ నష్టము తిరిగి పూడదు. మ్రింగిన సీసములో పెద్దలు గ్రహించుదానికన్న నాలుగైదు రెట్ల పాలు పసిపిల్లల దేహము గ్రహించును. ఇంత వరకు ఫరవాలేదనదగిన మోతాదు ఏదియు లేదు. 100 మిల్లీలీటర్ల రక్తములో 5 మైక్రోగ్రాములుగాని, అంతకు మించిగాని ఉన్నచో ఆ సీసము ఎక్కడనుండి వచ్చుచున్నదో వెదకి ఆపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించెను.

ఈ సంఖ్యను లెక్కగా చూతము. మూడేండ్ల బిడ్డ దేహములో సుమారు ఒక లీటరు రక్తముండును. ఆ ప్రమాణమున దానిలోని సీసము 50 మైక్రోగ్రాములు. అంత సీసమును ఘనముగా మలచినచో దాని భుజము మిల్లీమీటరులో ఆరవవంతు. చీమ తలకన్న చిన్నది. 30 గ్రాముల తూనిక యొక్కటి ఇట్టి ఆరు లక్షల నలుసులకు సమము. మ్రింగినదంతయు రక్తములో చేరదు, నిజమే. ఐనను ఇంటి పెరటిలో బాల్చీల కొలది సీసమును కరగించుట ఎట్టి పనియో ఈ లెక్క చెప్పుచున్నది.

ఇది ఊహ కాదు. ఆఫ్రికాలోని సెనెగల్ దేశమున, డకార్ నగరమును ఆనుకొనియున్న తియరోయ్-సుర్-మేర్‌లో పాత బ్యాటరీలు పగులగొట్టిన నేల యుండెను. బీదలు ఆ ఇసుకను ఇండ్లకు తెచ్చి జల్లించి, దొరకిన సీసపు తునకలను అమ్ముకొనిరి. 2007 నవంబరు, 2008 మార్చి నెలల నడుమ అక్కడ 18 మంది పిల్లలు మరణించిరి.

మార్పు

బాటలపై ఊడిపడిన తూనికలు వాహనముల క్రింద నలిగి ధూళియగుచున్నవని గుర్తించిన తరువాత చట్టములు వచ్చినవి. యూరోపియన్ యూనియనులో 2005 జూలై నుండి కార్లకు సీసపు తూనికలు నిషిద్ధములైనవి. అమెరికాలో దేశమంతటికి వర్తించు నిషేధము లేదు గాని, కాలిఫోర్నియా 2010లోను, వాషింగ్టన్ రాష్ట్రము 2011లోను నిషేధము నమలుపరచెను. ఉక్కు, తుత్తునాగపు తూనికలు ఆ స్థానమునకు వచ్చినవి. బాల్చీలలో సీసము తగ్గుటకు కారణ మిదియే. సీసపు గుండ్ల వలనను హాని కలదు. వేటలో చచ్చిన జంతువుల కళేబరములను తిని కాలిఫోర్నియా కాండరు అను గ్రద్దజాతి పక్షులు సీసపు విషమునకు గురియైనవి. 1982 నాటికి అవి 22 మాత్రమే మిగిలెను. వేటకు సీసపు గుండ్ల వాడుకను కాలిఫోర్నియా 2019 జూలై నుండి పూర్తిగా మాన్పించెను.

నేడు సీసములో అత్యధిక భాగము బ్యాటరీలలో వాడబడుచున్నది. పాత సీసమును తిరిగి వాడుట మంచిదే; గని త్రవ్వుటకన్న దానికి తక్కువ శక్తి చాలును. అయితే అది పొగను, ధూళిని పట్టు ఏర్పాట్లుగల కర్మాగారములో జరుగవలెను, ఇంటి ముంగిట కాదు. మన దేశమున 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిబంధనలు పాత బ్యాటరీలను సేకరించి శుద్ధిచేయించు బాధ్యతను వాటి ఉత్పత్తిదారులపై ఉంచినవి. పాత బ్యాటరీని దుకాణమున తిరిగి అప్పగించుట మనము చేయదగిన పని.

ఉపాధ్యాయులు తరగతిలో సీసమును కరగించి చూపరాదు. ఆర్కిమెడీస్ సూత్రముతో కాగితముపైననే పరీక్షింపవచ్చును. గాలిలో 113.4 గ్రాములు తూగు ముక్క నీటిలో 103.4 గ్రాములు తూగినచో అది ఏ లోహము? 71.4 గ్రాములు తూగునది 61.4కు తగ్గినచో ఏది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పగల విద్యార్థిని, ఆ మొదటి ముక్కను ముట్టినవారు భోజనమునకు ముందు చేతులు సబ్బుతో ఎందుకు కడుగుకొనవలెనో కూడ చెప్పుమనవలెను.