నాడు ఉక్కు.. నేడు తెర: బెంజ్‌ ఎస్‌-క్లాస్‌లో తరాల అంతరం

జర్మనీకి చెందిన మెర్సిడెస్‌ బెంజ్‌ సంస్థ తయారుచేసే సెడాన్లలో ఎస్‌-క్లాస్‌ది అగ్రస్థానం. దేశాధినేతలు, పారిశ్రామికవేత్తలు వెనుక సీటులో కూర్చుని ప్రయాణించేందుకు ఎంచుకునే ఈ కారు కొత్తదైతే ధర కోటిన్నర పైమాటే. 2021 అక్టోబరులో మహారాష్ట్రలోని చకన్‌ కర్మాగారంలో కూర్చిన ఎస్‌-క్లాస్‌ను విడుదల చేసినప్పుడు ప్రారంభ షోరూం ధరను 1.57 కోట్ల రూపాయలుగా ప్రకటించారు. అదే కారు పాత తరానిదైతే పదిహేనేళ్లు తిరిగేసరికి కొత్త చిన్న కారు వెలకే పాత వాహనాల విపణిలో ప్రత్యక్షమవుతుంది. బెంజ్‌ ఇంత చవకా అని ముచ్చటపడి బయానా ఇచ్చేవారికి కొదవ లేదు. అయితే ఈ కారులో తరం మారినప్పుడల్లా రూపంతో పాటు చెడిపోయే తీరు, బాగుచేసే తీరు కూడా మారుతూ వచ్చాయి. కొనదలచిన కారు ఏ తరానిదో తెలుసుకోకుండా ధర ఒక్కటే చూస్తే చేతులు కాలుతాయి.

ఎస్‌-క్లాస్‌ అనే పేరు అధికారికంగా 1972లో మొదలైంది. 'ప్రత్యేక శ్రేణి' అనే అర్థమిచ్చే జర్మన్‌ మాటలోని తొలి అక్షరమే ఈ 'ఎస్‌'. ప్రతి తరానికీ సంస్థ ఒక సంకేత సంఖ్యను కేటాయించింది. డబ్ల్యూ 116గా పిలిచే ఆ తొలి తరంలోనే, 1978లో, బాష్‌ సంస్థతో కలిసి రూపొందించిన ఏబీఎస్‌ బ్రేకులను ప్రవేశపెట్టారు. హఠాత్తుగా బ్రేకు తొక్కినపుడు చక్రాలు బిగుసుకుపోయి కారు జారిపోకుండా, స్టీరింగ్‌ మాట వినేలా చేయడం వీటి పని. 1979లో వచ్చిన డబ్ల్యూ 126లో రెండేళ్ల తరువాత డ్రైవరుకు ఎయిర్‌బ్యాగు సమకూరింది. మన దేశంలో కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్‌, డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయినది 2019లో. అంటే ధనికుల కారులో పుట్టిన రక్షణ సామాన్యుని కారుకు చట్టం రూపంలో చేరడానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టిందన్నమాట.

డబ్ల్యూ 126 పన్నెండేళ్ల పాటు తయారై ఎనిమిది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఇంజను, గేర్లు, ఇనుప స్ప్రింగులు.. ఏది ఎక్కడుందో కంటికి కనిపించే యంత్రమది. కంప్యూటర్‌ అవసరం లేకుండా అనుభవమున్న మెకానిక్‌ చెవితో విని లోపం పట్టగలిగిన చివరి ఎస్‌-క్లాస్‌ అదేనంటే అతిశయోక్తి కాదు.

రైలెక్కలేని కారు

అసలు కథ 1991లో జెనీవా ప్రదర్శనలో ఆవిష్కరించిన డబ్ల్యూ 140తో మొదలైంది. అప్పటికే పోటీ ముదిరింది. బీఎండబ్ల్యూ 1987లో పన్నెండు సిలిండర్ల ఇంజనుతో సెడాన్‌ తెచ్చింది. 1989లో జపాన్‌కు చెందిన లెక్సస్‌ తక్కువ ధరకే నిశ్శబ్దంగా సాగే ఎల్‌ఎస్‌ 400ను అమెరికాలో దింపింది. వీటికి సమాధానంగా బెంజ్‌ ఇంజనీర్లు ఖర్చుకు వెనుకాడక ఈ కారును నిర్మించారు. కిటికీలకు మధ్య గాలి పొరతో రెండేసి అద్దాలు అమర్చారు. తలుపును మెల్లగా ఆనిస్తే చాలు, మిగిలినది తానే లాక్కుని మూసుకునే ఏర్పాటు చేశారు. ఆరు లీటర్ల పన్నెండు సిలిండర్ల ఇంజను 408 హార్స్‌పవర్‌ శక్తినిచ్చింది. రివర్స్‌ గేరు వేయగానే వెనుక మూలల నుంచి రెండు సన్నని కడ్డీలు పైకి లేచి, కారు ఎంతవరకు ఉన్నదో డ్రైవరుకు చూపేవి. ఇప్పటి కెమెరాలకు ఆ కడ్డీలే ముత్తాతలు!

ఇంత చేసినా స్వదేశంలోనే విమర్శలు తప్పలేదు. పెద్ద ఇంజన్లున్న రకాలు రెండు టన్నులు దాటాయి. కారు వెడల్పు 1,886 మిల్లీమీటర్లు. జర్మనీ ఉత్తరాన ఉన్న సిల్ట్‌ ద్వీపానికి కార్లను చేరవేసే రైలు బండిపై ఇది పట్టలేదన్న వార్త అక్కడి పత్రికలకు వేళాకోళమైంది. కాగా 2020లో వచ్చిన తరం ఇంతకన్నా వెడల్పైనది. అయినా ఈసారి అంతగా నవ్విన వారు లేరు. ముప్ఫయి ఏళ్లలో రోడ్డు మీది కార్లన్నీ లావెక్కిపోవడమే ఇందుకు కారణం కావచ్చు.

ఉక్కు కోటలా కనిపించే ఈ తరానికీ ఒక బలహీనత ఉంది. తేలికగా మట్టిలో కలిసిపోయే పదార్థంతో ఇంజను వైర్లకు తొడుగు వేయాలన్న సదుద్దేశం 1990ల తొలి భాగంలో బెడిసికొట్టింది. ఇంజను వేడికి ఆ తొడుగు పెళుసెక్కి రాలిపోయి, వైర్లు ఒకదానికొకటి తగిలేవి. నేడు ఈ తరం కారును సేకరించేవారు మొదట అడిగే ప్రశ్న వైరింగ్‌ మార్చారా లేదా అన్నదే.

1997 ఆగస్టు 31న పారిస్‌ సొరంగంలో బ్రిటన్‌ యువరాణి డయానా ప్రయాణించిన కారు ఈ తరానికి చెందిన ఎస్‌ 280. అందులోని నలుగురిలో ముగ్గురు మరణించారు. ఢీకొన్న సమయంలో ఎవరూ సీటు బెల్టు ధరించి లేరని బ్రిటిష్‌ పోలీసుల విచారణ తేల్చింది. కారు ఎంత బరువైనదైనా, ఎంత ఖరీదైనదైనా బెల్టు చేసే పని అది చేయలేదు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్‌ జిల్లాలో టాటా సన్స్‌ మాజీ ఛైర్మన్‌ సైరస్‌ మిస్త్రీ మరణించినదీ బెంజ్‌ వాహనంలోనే. ఆయన వెనుక సీటులో బెల్టు లేకుండా కూర్చున్నారు. యజమాని వెనుక కూర్చునే కారులో ఈ అలవాటు మరీ ప్రమాదకరం. 2020 తరంలో వెనుక ప్రయాణికులకు ఎదురుగా కూడా ఎయిర్‌బ్యాగులు అమర్చడం ఇక్కడ గమనార్హం. అవి సైతం బెల్టుకు తోడే గాని బదులు కావు.

గాలి మీద నడక

బరువుపై వచ్చిన విమర్శలకు 1998లో డబ్ల్యూ 220 రూపంలో సమాధానం లభించింది. సన్నని ఒళ్లు, పాతదానికన్నా సుమారు 300 కిలోల వరకు తక్కువ బరువు, ముందు వాహనానికి దూరాన్ని రాడార్‌తో కొలిచి వేగం సర్దుకునే సదుపాయం దీని ప్రత్యేకతలు. ఇనుప స్ప్రింగుల స్థానంలో గాలి నింపిన రబ్బరు సంచులు వచ్చాయి. గుంతల మీద పరుపుపై వెళ్తున్నట్లుండే ఈ ఎయిర్‌ సస్పెన్షన్‌ సుఖం అనుభవించాల్సిందే. అయితే రబ్బరుకు ఆయుష్షు ఉంటుంది. పదేళ్లు దాటేసరికి సంచి మడతల వద్ద పగుళ్లు వచ్చి గాలి కారుతుంది. తగ్గిన గాలిని నింపేందుకు కంప్రెసర్‌ విరామం లేకుండా తిరిగి తిరిగి చివరకు కాలిపోతుంది. రాత్రి నిలిపిన కారు తెల్లవారేసరికి ఒక మూలకు కుంగి కనిపిస్తే అర్థమదే. తొలి సంవత్సరాల్లో తయారైన కార్లలో తుప్పు, ఎలక్ట్రానిక్‌ లోపాలు కూడా బయటపడి బ్రాండ్‌ ప్రతిష్ఠకు మచ్చ తెచ్చాయి. తరువాతి మార్పులతో ఇవి కొంత తగ్గినా, కొత్తది పాతదానికన్నా గట్టిదన్న నమ్మకం మాత్రం ఈ తరంతోనే సడలింది.

2005 నాటి డబ్ల్యూ 221, 2013 నాటి డబ్ల్యూ 222 ఈ దారిలోనే మెరుగులు దిద్దుకున్నాయి. మొదటిదానిలో 2009లో లిథియం అయాన్‌ బ్యాటరీతో హైబ్రిడ్‌ రకం వచ్చింది. రెండవదానిలో ఫిలమెంటు బల్బు ఒక్కటీ లేకుండా దీపాలన్నీ ఎల్‌ఈడీలే.

2020 సెప్టెంబరులో ఆవిష్కరించిన డబ్ల్యూ 223తో మార్పు పరిపూర్ణమైందని చెప్పవచ్చు. మీటల స్థానాన్ని 12.8 అంగుళాల తాకే తెర ఆక్రమించింది. వెనుక సీట్లతో కలిపి ఐదు తెరల వరకు అమర్చుకోవచ్చు. తలుపు పిడులు ఒంట్లోకి ముడుచుకుంటాయి. అదనపు సదుపాయంగా తీసుకుంటే వెనుక చక్రాలు పది డిగ్రీల వరకు తిరగడంతో ఐదు మీటర్లు దాటిన కారు ఇరుకు వీధిలోనూ చిన్న కారులా మలుపు తీసుకుంటుంది. పక్క నుంచి ఏదైనా ఢీకొట్టబోతోందని పసిగడితే, తగిన సస్పెన్షన్‌ ఉన్న కార్లలో క్షణకాలంలో దేహం 80 మిల్లీమీటర్ల వరకు పైకి లేచి, దెబ్బను దృఢమైన కింది భాగానికి మళ్లిస్తుంది. విడుదలైనప్పుడు మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఎస్‌ 500 ఇంజను 435 హార్స్‌పవర్‌ ఇచ్చింది. 1991లో అంతకన్నా తక్కువ శక్తికి రెట్టింపు పరిమాణం, రెట్టింపు సిలిండర్లు కావలసి వచ్చాయి. జర్మనీలోని నిర్దేశిత రహదారులపై గంటకు 60 కిలోమీటర్ల లోపు వేగంలో స్టీరింగ్‌ వదిలి, చూపు మరల్చి కూర్చునే వ్యవస్థను 2022 మే నుంచి అక్కడ విక్రయించారు. మన రోడ్లపై పశువులు, ఎదురొచ్చే ఆటోల మధ్య అలాంటిది ఊహించుకోవడమే కష్టం.

రెండో యజమాని చూడాల్సినవి

సుఖంలో, భద్రతలో కొత్త తరానిదే పైచేయి అనడంలో సందేహం లేదు. చిక్కంతా వారంటీ ముగిసిన తరువాతే. పాత తరంలో అరిగిన భాగాన్ని విప్పి మార్చేవారు. కొత్త తరంలో ఒక్కో లోపానికి ఒక్కో మాడ్యూలు మార్చి, దానిని కారు మిగతా కంప్యూటర్లు గుర్తించేలా సంస్థ పరికరంతో కోడింగ్‌ చేయాలి. ఊళ్లోని షెడ్డులో ఆ పరికరం ఉండదు. కారు ధర ఏటా పడిపోయినా విడిభాగాల ధర మాత్రం కోటిన్నర కారుదిగానే ఉంటుంది. మొదటి యజమాని తప్పించుకున్న ఈ ఖర్చు రెండో యజమాని నెత్తిన పడుతుంది.

అందువల్ల ఎయిర్‌ సస్పెన్షన్‌ ఉన్న కారును రాత్రంతా చదునైన నేలపై నిలిపి ఉదయం నాలుగు మూలల ఎత్తు కొలిచి చూడాలి. స్కానర్‌ తగిలించి దాగిన లోపాల జాబితా తీయించాలి. సర్వీసు రికార్డు లేని కారు ఎంత మెరుస్తున్నా పక్కన పెట్టడం మేలు. పదేళ్లు దాటిన డీజిల్‌ వాహనాలపై 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌, 2018లో సుప్రీంకోర్టు ఆంక్షలు విధించిన తరువాత దిల్లీ పరిసరాల నుంచి ఇలాంటి కార్లు ఇతర రాష్ట్రాలకు తరలివచ్చాయి. అలాంటి కారుకు అక్కడి రవాణా శాఖ నుంచి నిరభ్యంతర పత్రం ఉండాలి. ఏడాదికి మించి ఇక్కడ తిప్పాలంటే ఈ రాష్ట్ర నంబరుకు మార్చుకుని జీవితకాల పన్ను చెల్లించాలి. పదిహేనేళ్లు నిండితే ఫిట్‌నెస్‌ పరీక్ష చేయించి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్‌ పునరుద్ధరించుకోవాలి. బయానా ఇవ్వడానికి ముందే రవాణా శాఖ కార్యాలయంలో ఆ కారుకు పడే పన్ను ఎంతో అడిగి తెలుసుకుంటే, బేరం ఎక్కడ ఆగాలో కొనేవారికి తెలుస్తుంది.