వృద్ధులను కట్టివేయుట సంరక్షణ కాదు

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములు 2022 వరకు కృష్ణా జిల్లా మెట్టభాగములు, నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరియున్నవి. ఇచట మిరపకోతల దినములలో ఇంటిల్లిపాదియు చేనికి పోవలసివచ్చును. మతి తప్పిన వృద్ధులు గడప దాటినచో హైదరాబాదు రహదారిపై లారీల భయము. అట్టివేళ మంచమునకు కట్టివేయవలెననియో, నిద్రమాత్ర మ్రింగింపవలెననియో కొందరికి తోచును. ఇది క్రూరత్వము కాదు, భయమని మేమెరుగుదుము. అయినను దానివలన కలుగు హాని పెద్దది.

డిమెన్షియా మెదడు క్షీణించుటచే కలుగు స్థితి, మొండితనము కాదు. 2023లో వెలువడిన దేశవ్యాప్త పరిశోధన ప్రకారము 60 ఏండ్లు దాటినవారిలో నూటికి సుమారు ఏడుగురు, అనగా 88 లక్షలమంది, దీనికి లోనైయున్నారు.

కట్టియుంచినచో కండరములు సడలును. ఒరపిడి పుండ్లు పడును. పెనుగులాటలో కట్టు మెడకు బిగిసి ప్రాణమే పోవచ్చును. మత్తుమాత్రలవలన తూలిపడి తుంటియెముక విరుగవచ్చును. ఉద్రేకము నణచుటకిచ్చు ఆంటీసైకోటిక్ మందులవలన ఈ వృద్ధులలో మరణములు పెరుగుచున్నవని 2005లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, 17 ప్రయోగములను పరిశీలించి, హెచ్చరించినది. ఇట్టి మందులు వైద్యుని సలహాపైననే, తక్కువ మోతాదులో, కొద్దికాలమే వాడవలెను. వాడుచున్నవానిని హఠాత్తుగా మానిపింపరాదు.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులుండు పాకకు నిప్పంటుకొనగా, గొలుసులతో బంధింపబడియున్నందున తప్పించుకొనలేక 28 మంది మరణించిరి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మానసిక రోగులను గొలుసులతో బంధించుటను పూర్తిగా నిషేధించినది. మానసిక చికిత్సాసంస్థలలో తక్షణాపాయమును తప్పించుటకు వేరు మార్గము లేనపుడు మాత్రమే, మనోవైద్యుని యనుమతితో, రోగిని కదలకుండ ఆపవచ్చును. కారణమును, కాలమును వ్రాసియుంచవలెను. శిక్షగా గాని, సిబ్బంది చాలరను సాకుతో గాని అట్లు చేయరాదు.

వృద్ధులు కలతపడినపుడు మొదట కారణము వెదకవలెను. నొప్పి, దాహము, మలబద్ధకము, మూత్రకోశపు జబ్బు, వేసవి వడ, చీకటి భయము: వీనిలో నేదైన నుండవచ్చును.

పంచాయతీ సభ్యులు చేయదగినవి కలవు. అట్టి వృద్ధులున్న ఇండ్లను గుర్తింపుడు. పనిదినములలో ఇరుగుపొరుగువారు వంతులవారీగా కనిపెట్టియుండునట్లు చూడుడు. వారి దుస్తులపై ఊరి పేరు, ఫోను సంఖ్య కుట్టింపుడు. వృద్ధాశ్రమమునకు పోయినచో, ఎవరిని కట్టుచున్నారు, ఏ మందు, ఎవరి చీటిపై ఇచ్చుచున్నారని అడుగుడు. మానసిక ఆరోగ్య సలహాకు 14416, వృద్ధుల సహాయమునకు 14567 సంఖ్యలను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపుడు.

మనలను పెంచినవారికి కావలసినది త్రాడు కాదు, తోడు.