పిల్లలు కాపాడిన పట్టణం: డింకెల్స్‌బ్యూల్ చరిత్ర, ఆచారాలు

జర్మనీ అనగానే మన విద్యార్థులకు స్ఫురించేవి రెండు ప్రపంచ యుద్ధాలు, పెద్ద పెద్ద యంత్రాగారాలు, బెర్లిన్ నగరం. ఆ దేశపు చరిత్రలో ఎక్కువ భాగం చిన్న చిన్న సంత పట్టణాలలో నడిచిందన్న సంగతి పాఠ్యపుస్తకాలు అంతగా చెప్పవు. అటువంటి పట్టణాలలో ఒకటి డింకెల్స్‌బ్యూల్. బవేరియా రాష్ట్రంలో, వోర్నిత్స్ అనే చిన్న నది ఒడ్డున, రోటెన్‌బుర్గ్, నోర్డ్‌లింగెన్ పట్టణాలకు నడుమ ఉన్నది. జనాభా పన్నెండు వేల ప్రాంతం. ఇంత చిన్న ఊరిని గురించి వ్యాసం వ్రాయటానికి కారణం అక్కడ ఏటా జూలై మాసం నడుమ జరిగే ఒక పిల్లల పండుగ. దాని వెనుక ఒక అందమైన కథ ఉన్నది. ఆ కథ వెనుక, కథకంటె ఎక్కువగా ఆలోచింపజేసే చరిత్ర ఉన్నది.

ముందు పేరు సంగతి. ‘డింకెల్’ అనగా గోధుమ జాతికి చెందిన ఒక ప్రాచీన ధాన్యం. ‘బ్యూల్’ అనగా గుట్ట. డింకెల్ పండించే ఒక రైతు ఈ గుట్టమీద మొదట నివాసం ఏర్పరచుకొన్నాడని జనశ్రుతి. పట్టణపు రాజముద్రలో నేటికీ మూడు గుట్టలమీద మూడు ధాన్యపు కంకులు కనిపిస్తాయి. లిఖితాధారాలలో ఈ ఊరు 1188 నాటి ఒక వివాహ ఒప్పంద పత్రంలో అగుపిస్తుంది. బార్బరోసా అని పేరుపొందిన చక్రవర్తి మొదటి ఫ్రెడరిక్ తన కుమారునికి స్పెయిన్ లోని కస్తీలియా రాకుమారిని నిశ్చయించినప్పుడు వ్రాయించిన పత్రమది. ఆ వివాహం నిలువలేదు గాని ఊరి పేరు మాత్రం ఆ పత్రంలో నిలిచింది!

తరువాతి కాలంలో డింకెల్స్‌బ్యూల్ సామ్రాజ్య స్వతంత్ర నగరమైనది. అనగా ఏ జమీందారుకు గాని, బిషప్పుకు గాని లోబడక, నేరుగా చక్రవర్తికి మాత్రమే జవాబుదారీ. వర్తక మార్గాలు కలిసే చోటు కావటంచేత సంత వృద్ధి పొందింది. ఉన్ని బట్టలు నేసేవారు, కొడవళ్ళు చేసే కమ్మరులు ఊరికి పేరు తెచ్చారు. 1387లో వృత్తి శ్రేణులకు నగర సభలో భాగం లభించింది. నేతగాడు, రొట్టెలు కాల్చేవాడు, తోళ్ళు ఊనేవాడు పెద్ద వర్తకుల సరసన కూర్చుండి ఊరి వ్యవహారం చూడటం ఆ యుగంలో చిన్న విషయం కాదు. 1448లో ఆరంభమై 1499లో ముగిసిన సెయింట్ జార్జి దేవాలయం ఆనాటి సంపదకు సాక్ష్యం. ఆ గుడికి రొట్టెలవారి శ్రేణి సమర్పించిన కిటికీ ఒకటి ఉన్నది. దాని రాతి అల్లిక తమ వృత్తికి గుర్తుగా మెలికల రొట్టె ఆకారంలో చెక్కించారు. రాజుల పేర్లు మరచిపోయిన యాత్రికులు కూడ ఆ కిటికీని మరువరు.

ఇక అసలు విషయం. 1530ల దశకంలో మార్టిన్ లూథర్ ప్రవచించిన సంస్కరణ మతం ఈ ఊరిలో ప్రవేశించింది. పౌరులలో అధిక సంఖ్యాకులు ప్రొటెస్టంటులైనారు. కాని ఆ శతాబ్ది మధ్యభాగంలో చక్రవర్తి ఐదవ చార్లెస్ వృత్తి శ్రేణుల పాలనను రద్దుచేసి, నగర సభను కొద్దిమంది కాథలిక్ కుటుంబాలకు అప్పగించాడు. ఫలితంగా సంఖ్యాబలం ఒకరిది, అధికారం మరొకరిది అయినది. ఒకే వీధిలో, ఒకే బావి నీరు త్రాగుతూ, ఇరు శాఖలవారు దాదాపు ఒక శతాబ్దం ఈ విధంగా బ్రతికారు.

1618లో ముప్పది సంవత్సరాల యుద్ధం మొదలైనది. 1632లో స్వీడన్ సైన్యం డింకెల్స్‌బ్యూల్ ద్వారాల ముందు నిలిచింది. దండు నాయకుడు స్పెర్‌రాయిట్. పండుగ చెప్పే కథ ఇక్కడ ప్రారంభమవుతుంది. ద్వారాలు తెరవటమా, పోరాడటమా అని సభ తర్జనభర్జన పడుతున్నది. లొంగకపోతే ఊరు దోపిడికీ, అగ్నికీ ఆహుతి కాక తప్పదు. అప్పుడు లోరె అనే బాలిక, బురుజు కావలివాని కుమార్తె, ఊరి పిల్లలనందరినీ ప్రోగుచేసి, పాటలు పాడిస్తూ దండు నాయకునికి ఎదురు వెళుతుంది. పసివారిని చూడగానే అతనికి తాను పోగొట్టుకొన్న కుమారుడు జ్ఞప్తికి వస్తాడు. కరకు గుండె కరిగి, ఊరిని విడిచిపెడతాడు. మీ పట్టణం నిలిచినది ఈ పిల్లల మూలాన అని పెద్దలతో చెప్పి సాగిపోతాడు.

వినటానికి ఎంత రమ్యంగా ఉన్నదో! కాని చరిత్ర విద్యార్థి ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. 1632లో స్వీడన్ దండు రావటమూ, పట్టణం లొంగిపోవటమూ వాస్తవం. పిల్లలు ఎదురేగిన ముచ్చటకు మాత్రం ఆనాటి పత్రాలలో ఆధారం లేదు. అంతేకాదు. స్వీడన్ వారు ప్రొటెస్టంటులు. గోడల లోపల ఉన్న పౌరులలో అధిక భాగం కూడ ప్రొటెస్టంటులే. కాబట్టి వచ్చినవాడు శత్రువా, బంధువా? కాథలిక్ సభ్యునికి అతడు శత్రువు. పక్క ఇంటి ప్రొటెస్టంటు నేతగానికి అతడు విమోచకుడు కూడ కావచ్చు. స్వీడన్ వారి రాకతో అధికారం ప్రొటెస్టంటుల చేతికి వచ్చింది. 1634లో సమీపంలోని నోర్డ్‌లింగెన్ వద్ద చక్రవర్తి సేనలు గెలవటంతో మళ్ళీ కాథలిక్కుల వంతు వచ్చింది. ఏ దండు వచ్చినా మేత, ధాన్యం, డబ్బు ఇచ్చుకొన్నవారు మాత్రం ఇరు శాఖల సామాన్యులే. ‘ఊరంతా ఒక్కటై పిల్లలచేత రక్షింపబడింది’ అనే కథలో ఈ చీలిక అంతా మాయమైపోయింది. మరపు కూడ ఒక్కొక్కప్పుడు ఔషధమే అని నాకు తోస్తుంది. అయితే మరచినదేమిటో ఎవరో ఒకరు గుర్తుంచుకోవలసి ఉంటుంది.

1648లో వెస్ట్‌ఫాలియా సంధి కుదిరింది. జర్మనీలోని నాలుగు నగరాలకు, అనగా ఆగ్స్‌బుర్గ్, బీబెరాఖ్, రావెన్స్‌బుర్గ్, డింకెల్స్‌బ్యూల్ పట్టణాలకు, ఆ సంధి ఒక వింత కట్టడి విధించింది. నగర పదవులు ఇరు శాఖలకు సమానంగా పంచాలి. తల లెక్క కాదు, శాఖ లెక్క. ఎవరి సంఖ్య ఎంతైనా సరే, సగం మీకు, సగం మాకు. పంచటానికి వీలులేని పదవి అయితే వంతులవారీగా అనుభవించాలి. సెయింట్ జార్జి దేవాలయం కాథలిక్కులకు మిగిలింది. ప్రొటెస్టంటులు ధర్మాసుపత్రికి చేర్చి ఉన్న పరిశుద్ధాత్మ దేవాలయంలో ప్రార్థించుకొన్నారు. ఇది ప్రేమవల్ల పుట్టిన ఏర్పాటు కాదు, అలసటవల్ల పుట్టినది. ప్రతి చిన్న ఉద్యోగానికీ తగవు వచ్చేది. అయినప్పటికీ ఆ ఏర్పాటు స్వతంత్ర నగర జీవితం ముగిసేవరకు, అనగా నూట యాభై ఏండ్లకు పైగా, నిలిచింది. ఒకరినొకరు ప్రేమించని ఇరుగుపొరుగువారు కూడ లిఖిత నియమం ఆధారంగా శాంతియుతంగా జీవించగలరనటానికి దీనికంటె మంచి నిదర్శనం నాకు దొరకలేదు.

ఆ సమానత్వం రెండు క్రైస్తవ శాఖలకే పరిమితమన్న సంగతి దాచరాదు. యూదులకు అందులో వాటా లేదు. మధ్యయుగంలో వారు ఇక్కడ హింసకు గురి అయినారు. 19వ శతాబ్దిలో తిరిగి స్థిరపడిన కొద్ది యూదు కుటుంబాలు 1933 తరువాత నాజీల పాలనలో ఊరు విడిచి వెళ్ళవలసి వచ్చింది.

పండుగ పేరు ‘కిండర్‌త్సెఖె’. ‘కిండర్’ అంటే పిల్లలు. ‘త్సెఖె’ అంటే పూటకూటింట తిన్నదానికి, త్రాగినదానికి అయిన లెక్క. బడి పిల్లలకు ఊరి ఖర్చుమీద ఏటా ఒక విందు ఇచ్చే పాత ఆచారమే దీనికి మూలం (మన కళాశాల కమిటీ పెద్దలు గమనింతురుగాక!). స్వీడన్ దండు కథ ఈ బడి విందుకు తరువాత వచ్చి అతుకుకొన్నది. బడులు శాఖలవారీగా వేరుగా నడిచే రోజులలో బడి పండుగ ఊరందరి పండుగ కావటం కష్టం. 1897లో లుడ్విగ్ ష్టార్క్ రచించిన నాటకం ప్రదర్శించినప్పటినుండి అది ఊరందరిదీ అయినది. నాటి నుండి ఆ నాటకాన్ని ఊరివారే ఆడుతున్నారు. కొంత భాగం పూర్వం ధాన్యపు గిడ్డంగి అయిన ‘ష్రానె’ లోపల జరుగుతుంది. ఊరు అప్పగించే ఘట్టం పాత నగర సభా భవనం ముందు ఆరుబయట నడుస్తుంది. వార్షికోత్సవంలో నాటకం వేసి, మరునాడు స్నేహితులచేత ఆ పాత్ర పేరుతోనే పిలిపించుకొన్న మన విద్యార్థులకు, అక్కడ ఒకసారి లోరె వేషం కట్టిన బాలిక గౌరవం సులభంగానే అర్థమవుతుంది.

నాటకం తరువాత ఊరేగింపు, కత్తి నృత్యం, వృత్తి శ్రేణుల నృత్యం ఉంటాయి. ఎరుపు కోట్లు, తెల్లని లాగులు ధరించిన బాలుర వాద్యబృందం ముందు నడుస్తుంది. కథ 1632 నాటిది; ఆ బాలుర దుస్తులు 18వ శతాబ్దివి. ఈ కాలవ్యత్యాసం ఎవరికీ పట్టదు. జానపద ఆచారానికి తేదీలతో పేచీ లేదు.

ఈ పాత ఇండ్లు, గోడలు, బురుజులు ఇంతగా మిగిలి ఉండటానికి కారణం చెప్పటం మరచాను. అది ఐశ్వర్యం కాదు, పేదరికం. యుద్ధం తరువాత వర్తకం క్షీణించి, పాతవి కూల్చి కొత్తవి కట్టే స్తోమత ఊరివారికి లేకపోయింది. 19వ శతాబ్ది తొలి ఏండ్లలో పట్టణం స్వాతంత్ర్యం కోల్పోయి చివరకు బవేరియాలో కలిసింది. కోటగోడలను పడగొట్టటం ఆపవలసిందిగా 1826లో రాజు మొదటి లుడ్విగ్ ఉత్తరువు చేశాడు. తరువాత చిత్రకారులు, వారి వెనుక యాత్రికులు వచ్చారు. రెండవ ప్రపంచ యుద్ధంలో కూడ పట్టణం పెద్దగా దెబ్బతినలేదు.

సంత చౌకులో ఒక విగ్రహం ఉన్నది. అది క్రిస్టోఫ్ ఫన్ ష్మిడ్ అనే కాథలిక్ పురోహితునిది. 1768లో ఈ ఊరిలోనే జన్మించి, పిల్లలకై నీతికథలు వ్రాసి ప్రసిద్ధికెక్కాడు. పిల్లలను పిలుస్తూ ఆయన వ్రాసిన క్రిస్మస్ గీతాన్ని జర్మనీలో ఇరు శాఖల ఇండ్లలోనూ పాడుకొంటారు.

పండుగ రోజులలో ఊరి పిల్లలకు మిఠాయిలు నింపిన కాగితపు పొట్లాలు పంచుతారు. వాటిని అక్కడ ‘గుక్కె’ అంటారు. దండు నాయకుడు స్పెర్‌రాయిట్ అయినా, నగర సభ అయినా, లోరె అయినా, ఊరిలోని నాలుగేండ్ల పిల్లవానికి పండుగ అంటే ఆ పొట్లమే.