మా ఇంటి ఊతకర్ర – స్థితిశాస్త్రం

స్థితిశాస్త్రం అనగానే మనలో చాలామందికి పరీక్షలో వచ్చే లెక్క తప్ప మరేమీ గుర్తుకు రాదు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నిరుడు ధాన్యం తూకాలప్పుడు మా ఇంట్లో జరిగిన ఒక సంగతి నా అభిప్రాయాన్ని మార్చేసింది.

మా పశువుల కొట్టం ముందు ఒక రాట ఉంది. దాని తలమీద గాడి చెక్కి, రెండు మీటర్ల అడ్డదూలం మొదలు అందులో కూర్చోబెట్టి, పైనుంచి ఒక మేకు దిగ్గొట్టారు. రాటకి మీటరు దూరాన దూలానికి ఒక ఊతకర్ర ఏటవాలుగా ఆనుకుని ఉంటుంది. ఆ కర్ర అడుగు కూడా రాటమీదనే, దూలానికి మీటరు కింద ఉంది. రెండు కొసలకీ ఒక్కొక్క బోల్టు. దూలం చివర కాటా వేలాడదీసి బస్తాలు తూచేవాళ్లం.

ఆ రోజు 75 కిలోల బస్తా తగిలించగానే మేకు ఊడిపోయింది. దూలం మొదలు పైకి లేచింది, కొస నేలకి కొట్టింది. కాటా పగిలింది. తూస్తున్న మనిషి పాదం చితికింది. ఆయన పదేళ్లుగా మా దగ్గర పనిచేస్తున్నాడు, నేను మామా అని పిలుస్తాను. ఊతకర్ర మాత్రం చెక్కు చెదరలేదు. "ఊతం విరగలేదు, బస్తా ఎప్పటి బస్తాయే. వీడు దూలం పట్టుకుని ఊగి ఉంటాడు" అని నలుగురూ తేల్చేశారు. కాటా ఖరీదు కూలిలో పట్టుకుంటానన్నారు నాన్న. "నేను ఊగలేదయ్యా" అన్న మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

రాత్రి నోటుబుక్కు తీశాను. ముందే చిక్కు వచ్చిపడింది. మేకు దగ్గర ప్రతిచర్య ఏ దిక్కున ఉందో తెలియదు కనుక అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి అనుకోవాలి. ఊతం దగ్గరా అలాగే రెండు. తెలియనివి నాలుగు, సమతాస్థితి సమీకరణాలు మూడే! అప్పుడు క్లాసులో చెప్పిన 'టూ ఫోర్స్ మెంబర్' గుర్తొచ్చింది.

ఊతకర్రను విడిగా చూడండి. దాని సొంత బరువు స్వల్పం, వదిలేద్దాం. నడుమ ఏ బరువూ లేదు. కనుక దానిమీద పనిచేసే బలాలు రెండే, కొసకి ఒకటి చొప్పున. కర్ర కదలకుండా ఉండాలంటే ఆ రెండూ సమానమై, ఎదురెదురు దిక్కుల్లో ఉండాలి. అంతే చాలదు. అవి ఒకే గీతమీద లేకపోతే బలయుగ్మమై కర్రను తిప్పేస్తాయి. కాబట్టి బలం రెండు కొసల్నీ కలిపే గీత వెంటే ఉండి తీరాలి. అంటే దిక్కు తెలిసిపోయింది, పరిమాణం ఒక్కటే మిగిలింది. తెలియనివి నాలుగు కాస్తా మూడయ్యాయి.

ఇక మేకు చుట్టూ భ్రామకాలు తీసుకుందాం. బస్తా భ్రామకం 75 × 2 = 150. ఊతం మీటరు దూరానే ఉంది కనుక, అది పైకి ఎత్తే భాగం 150 కిలోలు ఉండాలి. కోణం 45 డిగ్రీలు కాబట్టి అడ్డంగా తోసే భాగమూ 150. మొత్తం ఊతంలో బలం సుమారు 212 కిలోలు.

అసలు విషయం ఇప్పుడు వస్తుంది. బస్తా కిందికి 75 లాగుతుంటే ఊతం పైకి 150 ఎత్తుతోంది! మిగిలిన 75 కిలోల్నీ మేకే కిందికి పట్టి ఉంచాలి. అడ్డంగా 150 కిలోలు రాటవైపు లాగిపట్టాలి. రెండూ కలిపితే సుమారు 168. దూలం మొదలు గాడిలో నిమ్మళంగా కూర్చుందని మనం అనుకున్నాం. నిజానికి బస్తా ఎక్కిన ప్రతిసారీ అది పైకి లేవబోయింది. పైనుంచి కొట్టిన మేకు బస్తా బస్తాకీ వదులవుతూ వచ్చి, ఆ రోజు ఊడింది. ఎవరూ ఊగనక్కర్లేదు.

నమ్మకం కోసం బొమ్మతోనూ సరిచూశాను. దూలంమీద బలాలు మూడు. సమాంతరం కాని మూడు బలాలు సమతాస్థితిలో ఉంటే అవి ఒకే బిందువులో కలవాలి. ఊతం గీతను పైకి పొడిగిస్తే, బస్తా నిలువుగీతను దూలానికి మీటరు పైన తాకింది. మేకునుంచి ఆ బిందువుకి గీత గీస్తే రెండు అడ్డం, ఒకటి నిలువు. లెక్కలో వచ్చిన 150, 75 నిష్పత్తి అదే!

తెల్లవారి ఆ కాగితం నాన్నకి చూపించాను. సమీకరణాలు ఆయనకి అక్కర్లేదు. ఒక పుల్లని వేలిమీద ఆనించి, కొస నొక్కి, మొదలు లేవడం చూపించాను. చాలాసేపు చూసి "అయితే ఊతం కొసకి జరపాలంటావ్" అన్నారు. అవును. ఊతం పైకొసని దూలం చివరికీ, అడుగుని రెండు మీటర్ల కిందికీ జరిపితే ఊతంలో బలం 106 కిలోలకి తగ్గుతుంది. మేకుమీద పైకి లాగే బలం ఉండనే ఉండదు, అడ్డంగా 75 మాత్రమే. వడ్రంగి అలాగే మార్చాడు. కాటా డబ్బుల మాట నాన్న మళ్లీ ఎత్తలేదు. మామకి కట్టు కట్టించడానికి తానే తీసుకెళ్లారు.

1974లో గోదావరిమీద ప్రారంభమైన రోడ్డు–రైలు వంతెన చూసినవాళ్లకి ఆ ఉక్కు ఏటవాలు కడ్డీలు గుర్తుండే ఉంటాయి. అలాంటి వంతెన లెక్కకి తొలిమెట్టు కూడా ప్రతి కడ్డీనీ మా ఊతకర్రలాగే రెండు బలాలదిగా భావించడమే.

మిత్రులారా, లెక్క వేసేముందు ఏ కర్రమీద ఎన్ని బలాలున్నాయో లెక్కపెట్టండి. మనిషిమీద తప్పు మోపేముందు కూడా, ఆ బరువు నిజంగా ఎక్కడ పడిందో ఒకసారి బొమ్మ గీసి చూడండి.